వీపు తోమే చెయ్యి

మగవాళ్ళ ముఖాలు నాకు అంతగా గుర్తుండవు, వీపులే గుర్తుంటాయి. మా స్నానశాలలో నేను కూర్చునే ఎత్తుపీట మగవాళ్ళ వైపుకీ ఆడవాళ్ళ వైపుకీ సరిగ్గా మధ్యలో ఉంటుంది. అక్కడ కూర్చుని, అటు పీటల కోసం కొట్టుకునే ముసలమ్మలనీ ఇటు నీళ్ళు చల్లగా ఉన్నాయని సణిగే ముసలాళ్ళనీ అదుపులో పెట్టడం నా పని. గోడ వెనకాల కొలిమిలోకి కట్టెలు తోయడం మా ఆయన పని. పెళ్ళయిన నాటినుంచీ మా ఇద్దరి మధ్యా ఆ గోడ ఉంది. అందుకే కాపురం ఏ గొడవా లేకుండా సాగిపోయింది.

నేను చెప్పబోయేది ఒచి తోకుజి గురించి. తోకుజి మా ఊరివాడు కాదు. వంతెనకి అవతల, ఎగువ వీధిలో టోఫు చేసి అమ్ముతాడు. లోకం లేవకముందే లేచి సోయా గింజలు రుబ్బి, కాచి, విరగ్గొట్టి, అచ్చుల్లో పోసి, తెల్లారేసరికి సైకిలెక్కి బూర ఊదుకుంటూ బయల్దేరతాడు. మనిషి ఎంత మెతకంటే, అతను చేసే టోఫు అతనికంటే గట్టిగా ఉంటుందని సొంత పెళ్ళామే అంటుంది. బేరమాడితే ఇంకో ముక్క వేస్తాడు, తిడితే మరో రెండు వేస్తాడు. అతను తలెత్తి నిలబడేది ఒక్క చోటే. ఏటి ఒడ్డున బేస్‌బాల్ మైదానంలో, బంతి విసిరే మట్టిదిబ్బ మీద. అక్కడ ఎవరికీ అదరడు, బెదరడు. గెలవడు కూడా, అది వేరే సంగతి.

ఎగువ వీధి దుకాణాలవాళ్ళకీ దిగువ వీధి దుకాణాలవాళ్ళకీ ఏటా కోతలయ్యాక పోటీ జరుగుతుంది. ఎగువ వీధి తరఫున బంతి విసిరే పిచర్ తోకుజి, కుడిచేతివాటం. దిగువ వీధి పిచర్ కోనో రోకురో, ఎడమచేతివాటం. రోకురో గడ్డిచాపలు కుట్టేవాడు. ఇద్దరూ ఒకే ఏడు బళ్ళో చేరారు, మీసాలు మొలిచిన నాటినుంచీ ఎదురెదురుగా బంతులు విసురుకుంటూనే ఉన్నారు. ఇన్నేళ్ళలో తోకుజి రోకురో మీద ఒక్కసారి కూడా గెలవలేదు. ఒక ఏడు తుపాను వచ్చి ఆట మధ్యలో ఆగిపోయింది. తన జీవితంలో గొప్ప ఆట ఏదని అడిగితే తోకుజి ఇప్పటికీ దాని గురించే చెబుతాడు.

వాళ్ళకో కట్టుబాటు ఉంది. ఆట అయ్యాక ఇద్దరు పిచర్లూ మైదానం పక్కనున్న స్నానశాలకి వెళ్ళాలి, ఓడినవాడు గెలిచినవాడి వీపు తోమాలి. అంటే ఏటా తోకుజి రోకురో వీపు తోముతూనే ఉన్నాడన్నమాట. ఆ వీపు మీద ఏ పుట్టుమచ్చ ఎక్కడుందో రోకురో పెళ్ళాం కంటే తోకుజికే బాగా తెలుసు. ఇంకో కట్టుబాటు కూడా ఉంది. అరవై నిండిన పిచర్ ఆ ఏటి ఆట ఆడి, బంతిని కుర్రవాళ్ళకి అప్పగించాలి. ఆ ఏడు ఇద్దరికీ అరవై నిండాయి. గెలిస్తే ఈసారి గెలవాలి, లేదా ఒక్క గెలుపూ లేకుండానే దిబ్బ దిగాలి. తోకుజి పరిస్థితి అది.

వానలు మొదలైన రోజుల్లో ఒక మధ్యాహ్నం, స్నానశాల తెరిచామన్న గుర్తుగా గుమ్మానికి కట్టే తెరైనా ఇంకా కట్టకముందే అతని సైకిల్ మా వాకిట్లో ఆగింది.

"ఏం నాయనా, మీ వైపు స్నానశాల తగలబడిపోయిందా?" అన్నాను.

"లేదక్కా. మీ నీళ్ళు మంచివని విని వచ్చాను."

"మావీ ఏటి నీళ్ళే, మీవీ ఆ ఏటి నీళ్ళే."

తల వంచుకుని లోపలికి పోయాడు. గోడకి వీపు ఆనించి, కొత్త పెళ్ళికూతురిలా సిగ్గుపడుతూ బట్టలు విప్పాడు. చొక్కా విప్పడానికి ఎడమ చెయ్యి ఒక్కటే పని చేసింది. కుడి చెయ్యి పక్కన వేలాడుతూ ఉంది. నాకేం పట్టనట్టు తువ్వాళ్ళు మడత పెడుతూ కూర్చున్నాను. కాసేపటికి లోపల్నుంచి ఒక కేక వినపడింది. ఆడవాళ్ళ వైపు అప్పుడే వచ్చి తల దువ్వుకుంటున్న ముసలమ్మ దువ్వెన కింద పడేసింది.

మిరపకాయ మందు పూసిన పట్టీ భుజం మీంచి పీకేసి, వెంటనే వేడినీళ్ళలో దిగితే ఏమవుతుందో మా దేశంలో భుజం నొప్పి ఉన్న ప్రతివాడికీ తెలుసు. తోకుజికి అదే మొదటి భుజం నొప్పి. తొట్టెలోంచి ఎగిరి బయటపడి, చల్లనీళ్ళు చెంబులతో కుమ్మరించుకుంటున్నాడు. కుడి భుజం మీద పట్టీ ఆకారంలో నలుచదరంగా ఎర్రటి వాత.

"అక్కా, నీ కాళ్ళు పట్టుకుంటా, ఎవరికీ చెప్పకు," అన్నాడు, తువ్వాలు చుట్టుకుని నా పీట దగ్గరకొచ్చి. వసంతంలో సాధన చేస్తుంటే భుజం లోపల తడిబట్ట చింపిన చప్పుడైందట. ఎముకల వైద్యుడు చూసి లోపలి కండరం చిరిగిందని, ఇక టోఫు బిందెలు ఎత్తొచ్చుగాని బంతి మాత్రం విసరొద్దని చెప్పాడట. "మావాళ్ళకి తెలిస్తే ఇప్పుడే ఆ మందులషాపు కుర్రాడికి బంతి ఇచ్చేస్తారు. మా వైపు స్నానశాలకి వెళ్తే ఈ వాత అందరికీ కనపడుతుంది. మరీ ముఖ్యంగా రోకురోకి తెలియకూడదు."

సరే అన్నాను. నోరు కట్టేసుకుని కూర్చోవడం నాకు చేతకాని పనే, అయినా మాట ఇచ్చాను.

ఆ వారంలోనే ఇంకో సాయంత్రం, దీపాలు పెట్టే వేళకి రోకురో దిగాడు. ఈ మనిషికి సిగ్గూ లేదు, గొంతు తగ్గించడమూ తెలీదు. "వదినా! నీ కొంగ స్నానశాల బాగుంటుందని ఊరంతా చెబుతున్నారు!" అని అరుస్తూ వచ్చాడు. మా స్నానశాల పేరు కొంగే గాని, అది బాగుంటుందని ఇంతవరకూ ఎవరూ అనలేదు. అతను కూడా గోడకి వీపు ఆనించే బట్టలు విప్పాడు. నాకు అప్పుడే అనుమానం వచ్చింది. దువ్వెన ముసలమ్మని దువ్వెన గట్టిగా పట్టుకోమన్నాను. చెప్పి మంచి పని చేశాను. అదే కేక, గొంతు మాత్రం వేరు.

అతని వాత ఎడమ భుజం మీద. అది ఒక్కసారిగా చిరిగింది కాదట. చాపల్లోకి సూది దింపి దారం లాగి లాగి, మొదటి బేస్ దగ్గర పరుగుకి పొంచి ఉండేవాళ్ళని అవుట్ చేయడానికి అటు చటుక్కున బంతులు విసిరి విసిరి, కొద్దికొద్దిగా పట్టేసిందట. ఇప్పుడు చెయ్యి చెవి దాకా కూడా లేవడం లేదు. "వదినా, ఎవరికి చెప్పినా చెప్పు గాని ఆ టోఫుగాడికి మాత్రం చెప్పకు. ఇన్నేళ్ళు వాణ్ణి ఓడించి ఓడించి, చివరి ఏడు ఇలా కుంటి చేత్తో కనపడితే నా పరువేం కావాలి?"

అలా ఇద్దరి గుట్టూ నా కడుపులో చేరింది. ఒకణ్ణి మధ్యాహ్నం రమ్మన్నాను, ఇంకొకణ్ణి చీకటి పడే ముందు రమ్మన్నాను. పట్టీ తీశాక ఓ గంట ఆగి నీళ్ళలో దిగండని ఇద్దరికీ విడివిడిగా నేర్పాను. ఈ పనికి మా ఆయన నన్ను ఒక్క మాట మెచ్చుకోలేదు, ఎందుకంటే ఆయనకి కూడా చెప్పలేదు.

మాకు రోజూ వచ్చేవాళ్ళు నీళ్ళలో కూర్చుని ఈ పోటీ గురించే వాదించుకునేవాళ్ళు. ఎడమచేతి పిచర్ భుజం ముందు పోతుందా, కుడిచేతి పిచర్ భుజమా అని.

"ఎడమోడి భుజం గట్టిది. గుండె అటువైపే కదా ఉంది, రక్తం దగ్గర," అని పాల డబ్బాలవాడు.

"గుండె దగ్గరుంటే అలుపు కూడా అటే వస్తుందయ్యా. కుడోడి భుజానికి రోజంతా పని. అన్నం తింటుంది, రాస్తుంది, గోక్కుంటుంది. అలవాటైపోయిన భుజం చచ్చినా పోదు," అని పళ్ళులేని తాత.

తోకుజి ఒక మూల గడ్డం దాకా నీళ్ళలో మునిగి, ఇద్దరి మాటలకీ తల ఊపాడు. అతని చిరిగిన భుజం నీళ్ళ కింద ఉంది కాబట్టి వాదన అలాగే సాగింది.

నా ఏర్పాటంతా తుపాను హెచ్చరికతో పాడైపోయింది. ఆ రోజు సాయంత్రానికి గాలీ వానా వస్తాయని రేడియోలో చెబితే, తొందరగా మూసేస్తానని గుమ్మానికి అట్ట కట్టాను. తోకుజి ఎప్పటిలా వచ్చి నీళ్ళలో దిగాడు. చీకటి పడే ముందు రావాల్సిన రోకురో కూడా తుపాను భయంతో ముందే వచ్చి, నేను ఆపేలోపే బట్టలు విప్పేసి గాజుతలుపు తోసుకుని లోపలికి పోయాడు.

"ఓహో, టోఫూ! నువ్విక్కడేం చేస్తున్నావురా?"

"స్నానం."

"మీ వైపు నీళ్ళు లేవా?"

"మీ వైపు లేవా?"

తోకుజి గడ్డం దాకా మునిగిపోయాడు. రోకురో పీతలా పక్కకి నడిచి, ఎడమ భుజం గోడవైపు పెట్టి, తనూ గడ్డం దాకా మునిగాడు. ఇప్పుడు ఇద్దరూ పైకి లేవకూడదు. లేస్తే వాత కనపడుతుంది. నేను పైనుంచి చూస్తూ కూర్చున్నాను.

"వెచ్చగా ఉంది కదూ," అన్నాడు తోకుజి.

"నాకు చల్లగానే ఉంది," అన్నాడు రోకురో.

"అవున్లే. నిజానికి చల్లగానే ఉంది."

"వదినా! నీళ్ళు చల్లబడ్డాయి, రెండు కట్టెలు వేయించు!"

ఆ గొంతు గోడ దాటి మా ఆయనకి వినపడింది. తుపాను ముందు కట్టెలు తడిసిపోతాయని ఆయన బెంగ ఆయనది. రెండు కాదు, ఒక మోపు తోసేశాడు.

నీళ్ళ మీద పొగలు లేచాయి. ముఖాలు గులాబీ రంగు దాటి, ఎరుపు దాటి, ఇంకెటో పోతున్నాయి. "నువ్వు ముందు లే, పెద్దవాడివి," అని ఒకడు. "నువ్వే నెల పెద్ద, నువ్వు లే," అని ఇంకొకడు. ఇంకాసేపు ఊరుకుంటే రెండు శవాలు మోయాల్సొస్తుందని దిగి వెళ్ళి, చల్లనీళ్ళ గొట్టం తీసి ఇద్దరి నెత్తినా వదిలాను.

"లేవండిరా, ముసలి వెధవల్లారా!"

లేచారు. ఉడికించిన ఆక్టోపస్‌ల్లా ఉన్నారు. ఆ ఎరుపులో కూడా ఒకడి కుడి భుజం మీదా, ఇంకొకడి ఎడమ భుజం మీదా నలుచదరపు వాత ఇంకా ఎర్రగా కనపడింది. ఒకరినొకరు అలా చూస్తూ నిలబడ్డారు. అద్దంలో చూసుకున్నట్టు ఉంది వాళ్ళకి.

చాప మీద పడుకోబెట్టి, ఫ్యాను పెట్టి, చెరో సీసా చల్లటి పాలు ఇచ్చాను. బాగున్న చేత్తో పట్టుకుని తాగారు. రోకురో కుడిచేత్తో ఎత్తి సగం పాలు గుండెల మీద పోసుకున్నాడు. తోకుజి ఎడమచేత్తో ఎత్తాడు, చుక్క కూడా కారలేదు. నేను అది చూశాను గాని ఏమీ అనుకోలేదు.

"ఇంక మందులషాపు కుర్రాడే విసురుతాడు," అన్నాడు తోకుజి పైకప్పు చూస్తూ.

"మా వైపు చేపలకొట్టు అల్లుడు," అన్నాడు రోకురో. "వాడికి బంతికీ వంకాయకీ తేడా తెలీదు."

ఇద్దరూ ఏడుపు మొహాలు పెట్టారు. నాకు ఒళ్ళు మండింది. ఇన్ని నెలలు నా నోరు కుట్టుకుని కూర్చోబెట్టి, ఇప్పుడు ఇద్దరూ కలిసి నా చాప మీద ఏడుస్తారా?

"మీకు దేవుడు చెరో రెండు చేతులిచ్చాడు కదా. ఒకటి పోతే రెండోదాంతో విసిరి చావండి! నువ్వు ఎడమచేత్తో విసురు, నువ్వు కుడిచేత్తో విసురు. ఇద్దరూ సమానంగా దరిద్రంగా ఆడతారు. అది కదా న్యాయం?"

కోపంలో అన్న మాటే గాని, అనేశాక బాగానే ఉందనిపించింది. రోకురో పాలసీసా కింద పెట్టి, తోకుజి వైపు కాసేపు అదోలా చూశాడు. ఆ చూపేమిటో నాకప్పుడు అర్థం కాలేదు.

"సరే," అన్నాడు. "నేను రెడీ. చెయ్యి మార్చి విసురుదాం. నువ్వేమంటావురా?"

"నువ్వు సరేనంటే నేనూ సరే," అన్నాడు తోకుజి.

తర్వాత ఇంకో చిక్కు వచ్చింది. ఎడమచేత్తో విసిరేవాడు కుడిచేతికి గ్లవ్ వేసుకోవాలి. తోకుజి గ్లవ్ ఎడమచేతిది, రోకురో గ్లవ్ కుడిచేతిది. అరవయ్యో ఏట కొత్త గ్లవ్ కొంటే ఇంట్లో పెళ్ళాలు ఊరుకోరు. సాధనకని ఇంట్లో చెప్పి వచ్చేవాళ్ళు కాబట్టి గ్లవ్‌లు సైకిళ్ళ మీదే ఉన్నాయి, అక్కడికక్కడే మార్చుకున్నారు. అన్నేళ్ళు ఎదురెదురుగా నిలబడిన మనుషులు, ఒకడి గ్లవ్ ఇంకొకడు సైకిల్ బుట్టలో పెట్టుకుని తుపాను గాలిలో ఇళ్ళకి పోయారు.

తోకుజి సాధన మా కట్టెల పాక దగ్గర. అక్కడైతే ఎవరూ చూడరు. తోకుజి విసిరిన మొదటి బంతి పాక కప్పు మీద పడింది, రెండోది మా ఆయన ఎండబెట్టుకున్న ముల్లంగి దండని తెంపింది. ఆయన బయటికొచ్చి, తెగిన ముల్లంగులు ఏరుకుని వెనక్కి పోయాడు. కొన్నాళ్ళు గడిచాయి. నేను ఎత్తుపీట మీద కూర్చుని ఆ చప్పుళ్ళు వింటూనే ఉన్నాను. ఒక రోజు చప్పుడు మారింది. గురి కోసం గోడకి కొట్టిన దిండు దగ్గర్నుంచి టప్, టప్ అని ఒక్క చోటే మోత వస్తోంది. లేచి వెళ్ళి చూశాను.

ఎడమచేత్తో విసురుతున్నాడు. కాలు ఎత్తడం, ఒళ్ళు తిరగడం, చెయ్యి విరుచుకుంటూ రావడం, అంతా ఒక్క కదలికలా సాగిపోతోంది. అతను కుడిచేత్తో విసరడం నేను ఏటి ఒడ్డున ఎన్నోసార్లు చూశాను. అప్పుడెప్పుడూ ఇలా లేడు. అప్పుడు ఎవరిదో బరువు మోస్తున్నట్టు విసిరేవాడు.

"తోకుజీ, ఆ చెయ్యి నీకెక్కడిది?"

అతను బంతి పట్టుకుని కట్టెల మోపు మీద కూర్చున్నాడు.

"నానమ్మ," అన్నాడు. "చిన్నప్పుడు నేను అన్నీ ఎడమచేత్తోనే చేసేవాణ్ణక్కా. అన్నం తింటే ఎడమ, గీత గీస్తే ఎడమ. ఇంటికి పరువు తక్కువని నానమ్మ నా ఎడమ చెయ్యిని చొక్కాలోపల పెట్టి కుట్టేసేది. కుట్టు తెంపుకుంటే మళ్ళీ కుట్టేది. ఒకసారి ఎండు మూలికల ముద్దకి నిప్పంటించి దాని మీద పెట్టింది కూడా. బళ్ళో చేరేసరికి కుడిచేతివాణ్ణి అయిపోయాను. నిజం చెబుతున్నా, నేను పూర్తిగా మర్చిపోయాను. ఈ గ్లవ్ కుడిచేతికి తొడిగాక మొన్న గుర్తొచ్చింది."

అతని ఎడమచేతి మీద, బొటనవేలి మొదట్లో చిన్న మచ్చ చూపించాడు. నాకు భలే కోపం వచ్చింది. ఎప్పుడో కాలం చేసిన ముసలమ్మ మీద కోపం పెట్టుకుని ఏం చేయను? బతుకంతా అరువు చేత్తో విసిరి, ఓడి, ఓడించినవాడి వీపు తోముతూ వచ్చాడు ఈ పిచ్చివాడు. ఆ కట్టెల పాకలో నిలబడి నేను కొంచెం ఏడ్చాను కూడా. పొగ వల్ల అని చెప్పాను.

"మంచిదే అయింది," అన్నాను ముక్కు తుడుచుకుని. "ఈసారి గెలుస్తావు."

"అదే కదా బాధ. రోకురోకి కుడి చెయ్యి నిజంగా పనికిరాని చెయ్యి. నాకు ఇది సొంత చెయ్యి. ఇద్దరం సమానం అనుకుని వాడు ఒప్పుకున్నాడు. ఇది మోసం కాదా అక్కా?"

"నోరు మూసుకుని గెలువు!"

"ఒక్కసారి గెలవాలనే ఉంది. కానీ నిజంగా గెలవాలని ఉంది," అన్నాడు. ఇంక ఆ రోజు బంతి విసరలేదు.

పోటీ రోజు ఎండ బాగా కాసింది. ఆ వేళ స్నానశాల మూసేసి, బార్లీ టీ కాచిన కెటిల్ పట్టుకుని నేనూ వెళ్ళాను. అరవై నిండినవాళ్ళు మళ్ళీ పసివాళ్ళతో సమానం కాబట్టి ఇద్దరికీ ఇళ్ళల్లో ఎర్ర టోపీ, ఎర్ర కోటు తొడిగి పంపారు. ఇద్దరు ఎర్రటి ముసలాళ్ళు మైదానం మధ్యకొచ్చి, గ్లవ్‌లు తప్పు చేతులకి తొడుక్కుంటుంటే జనం గొల్లుమన్నారు.

"తాతా, టోపీ కూడా కాలికి పెట్టుకో!" అని దిగువ వీధి పిల్లలు.

రోకురో కుడిచేతి బంతి మొదటిది నా కెటిల్‌లో పడింది. రెండోది అంపైర్ కడుపుకి తగిలింది. అంపైర్ మా ఊరి పోస్టుమాస్టరు, మర్యాదస్తుడు. వంగి నమస్కారం పెట్టి, గురి తప్పిందన్నదానికి గుర్తుగా "బాల్" అన్నాడు. తోకుజి కూడా మొదట్లో నాలుగైదు బంతులు మేఘాల్లోకి విసిరాడు. కొట్టినవాళ్ళూ పరుగెత్తినవాళ్ళూ అలిసిపోయి మధ్యలో కూర్చుండిపోయారు. రెండు వైపులా పరుగులు ఎన్ని వచ్చాయో బోర్డు మీద రాసేవాడికే లెక్క తప్పి, చివరికి అందరూ చేతులెత్తి ఒక అంకె ఒప్పుకున్నారు. ఎగువ వీధివాళ్ళది ఒక్క పరుగు ఎక్కువ.

చివరి ఇన్నింగ్స్. ఇంకొక్కడు అవుటైతే ఆట అయిపోతుంది. రెండు స్ట్రైకులు పడ్డాయి, గురిలో పడిన బంతిని ఇంకొక్కసారి కొట్టలేకపోతే అవుటే. బ్యాట్ పట్టుకుని నిలబడింది రోకురో. దిబ్బ మీద తోకుజి.

అతను చాలాసేపు విసరలేదు. గ్లవ్‌లో బంతిని తిప్పుతూ నేలచూపులు చూశాడు. ఆ తర్వాత, నేను చూస్తూ ఉండగానే, గ్లవ్ ఊడదీసి చంకలో పెట్టుకుని, బంతిని కుడిచేతిలోకి మార్చుకున్నాడు. చిరిగిన భుజంతో విసరబోతున్నాడు. కావాలని ఓడిపోబోతున్నాడు, లేదా ఆ భుజాన్ని శాశ్వతంగా పోగొట్టుకోబోతున్నాడు.

నేను లేచి నిలబడ్డాను. "తోకుజీ! ఆ చెయ్యి కాదు! ఆ చెయ్యి కాదురా, వెర్రిమొహమా!"

మైదానమంతా నా వైపు తిరిగింది. కానీ అతన్ని ఆపింది నేను కాదు, రోకురో. బ్యాట్ దించి, గట్టిగా, "మాట మాటే! చెయ్యి మార్చకు! ఎడమచేత్తో విసురు!" అని అరిచాడు. తోకుజి కాసేపు అతన్ని చూశాడు. మళ్ళీ గ్లవ్ తొడిగి బంతి ఎడమచేతిలోకి తీసుకున్నాడు.

విసిరాడు. ఆ బంతి ఎలా వెళ్ళిందో నాకు సరిగ్గా చెప్పడం రాదు. తిన్నగా వచ్చి, చివర్లో కొంచెం వంగి, క్యాచర్ చేతిలో టప్ మని పడింది. మా పాకలో విన్న చప్పుడే. రోకురో బ్యాట్ కదపలేదు. భుజం మీద పెట్టుకుని, బంతి తన ముందునుంచి పోతుంటే తల తిప్పి చూస్తూ నిలబడ్డాడు.

"స్ట్రైక్! అవుట్!"

ఎగువ వీధివాళ్ళు తోకుజిని ఎత్తబోయి, భుజం అని అతను అరిస్తే కాళ్ళు పట్టుకుని ఎత్తారు. దిగువ వీధివాళ్ళు రోకురో మీద పడ్డారు. "కనీసం బ్యాట్ ఊపొచ్చు కదా, మట్టిబొమ్మలా నిలబడ్డావేం?" అని. అతను "భుజం లేవలేదు" అన్నాడు.

ఆ సాయంత్రం ఇద్దరూ మైదానం పక్క స్నానశాలకి వెళ్ళకుండా వంతెన దాటి మా దగ్గరికే వచ్చారు. నేను గబగబా తలుపు తీశాను, మా ఆయన కట్టెలు తోశాడు. ఇంకెవరూ లేరు. తోకుజి చిన్నపీట మీద కూర్చున్నాడు, రోకురో వెనకాల కూర్చుని కుడిచేత్తో తువ్వాలుకి సబ్బు పట్టించాడు. తోకుజికి ఎలా కూర్చోవాలో తెలియడం లేదు. అలవాటుకొద్దీ తనూ ఒక తువ్వాలు చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. గాజుతలుపు మూయలేదు కాబట్టి నాకు అంతా వినపడుతోంది. మూసి ఉంటే నేనే తీసేదాన్ని.

"ఆగు, రోకురో," అన్నాడు తోకుజి. "నీకొక మాట చెప్పాలి. నేను పుట్టు ఎడమచేతివాణ్ణి. మా నానమ్మ మార్చేసింది. సాధన మొదలుపెట్టాక గుర్తొచ్చింది, నీకు చెప్పకుండా దాచాను. ఈ గెలుపు లెక్కలోకి రాదు. ఇటు తిరుగు, నీ వీపు నేనే తోముతాను."

రోకురో తువ్వాలుకి సబ్బు పట్టించడం ఆపలేదు. "తెలుసు," అన్నాడు.

"ఏం తెలుసు?"

"ఏటా నా వీపు తోమింది ఎవరనుకున్నావు? సబ్బు రాసేదాకా తువ్వాలు కుడిచేతిలోనే ఉండేది. గట్టిగా రుద్దాల్సి వచ్చేసరికి ఎడమచేతిలోకి మారిపోయేది. మొదటి ఏడే తెలిసింది నాకు. ఎడమచేతివాడి రుద్దుడు ఎడమచేతివాడికి తెలీదా? మా అమ్మకి నేను ఆరో కొడుకుని, ఏ పిల్లాడిది ఏ చెయ్యో చూసే తీరిక ఆవిడకి లేక నేను ఇలా మిగిలిపోయాను. నీకేమో నానమ్మ ఉంది."

"మరి నాకు చెప్పలేదేంరా?"

"చెప్పి నేను ఓడిపోనా? నేనేమన్నా పిచ్చివాణ్ణా?"

తోకుజి చేతిలోని తువ్వాలు కింద పెట్టేశాడు. రోకురోకి గొంతు తగ్గించడం తెలీదని ఇందాక చెప్పాను. అది తప్పు. ఆ రోజు తగ్గించాడు.

"కానీ ఏటా అనిపించేదిరా, ఈ చెయ్యి బంతి విసిరితే ఎలా ఉంటుందో అని. వదిన చెయ్యి మార్చి విసరమనగానే అందుకే సరేనన్నాను. ఇవాళ చూడాలనే బ్యాట్ ఊపలేదు."

"ఎలా ఉంది?" అన్నాడు తోకుజి.

"ఇరవై ఏళ్ళప్పుడే దీంతో విసిరుంటే ఈ వీపు ఏటా నేనే తోమేవాణ్ణి," అన్నాడు రోకురో. "వంగు. మెడ దగ్గర మట్టి ఉంది."